గడియారం బల్ల దగ్గర లస్సాద్

లస్సాద్ తన జీవితంలో హ్యాండ్‌బాల్ ఆడింది ఒకే ఒక్కసారి, ఆరో తరగతిలో. గోలు ముందు నిలబెడితే మొదటి బంతి వచ్చి ముక్కుకు తగిలింది. రెండో బంతి వచ్చేలోగా బడి గోడ దూకి ఇంటికి పోయాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళపాటు ఆ ఆటకూ అతనికీ మాటల్లేవు. తెబుల్బా రేవులో చేపల కోసం ఐసు తయారుచేసే యంత్రాలు బాగుచేయడం అతని వృత్తి. ఆ పని బాగా వచ్చు. వచ్చింది ఆ ఒక్కటే అని అతని భార్య హయాత్ అంటుంది. అతనూ కాదనడు.

కూతురు యుస్రా తొమ్మిదో ఏట ఊరి క్లబ్బులో చేరింది. మొదటి ఏడాది లస్సాద్ బుద్ధిమంతుడే. స్టాండులో పై మెట్టు మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ, పిల్ల తన వైపు చూస్తే చెయ్యి ఊపేవాడు. రెండో ఏడాది చెయ్యి ఊపడం మానేసి వేలు చూపించడం మొదలుపెట్టాడు. మూడో ఏడాదికి పండితుడైపోయాడు.

ఎలా అయ్యాడంటే, ఐసు మిషను విప్పాక కంప్రెసరు చల్లబడేదాకా అరగంట ఖాళీ దొరుకుతుంది. ఆ అరగంటలో ఫోనులో పెద్దవాళ్ళ మ్యాచులు చూసేవాడు. అరగంట చొప్పున రెండేళ్ళు చూస్తే ఎవరికైనా అన్నీ తెలిసినట్టే ఉంటుంది. రసీదు పుస్తకం వెనకవైపు ఆరు చుక్కలు పెట్టి, బాణాలు గీసి, భోజనాల దగ్గర కూతురి ముందు పరిచేవాడు.

"ఇదేంటి బాబా?"

"నువ్వు."

"మరి ఈ బాణం?"

"అదీ నువ్వే. పరిగెడుతున్నావు."

"ఈ పెద్ద ఎర్ర చుక్క?"

"అది హరీసా కారం. ఇందాక మీ అమ్మ గిన్నెలోంచి పడింది. దాన్ని పట్టించుకోకు."

కాగితాలతో ఆగి ఉంటే సరిపోయేది. కానీ లస్సాద్‌కు దేవుడు ఒక గొంతు కూడా ఇచ్చాడు. రోజంతా మోటార్ల రొద మధ్య, పక్క పడవలో ఉన్నవాడికి వినబడేలా మాట్లాడి మాట్లాడి అది బాగా ముదిరింది. క్లబ్బు హాలుకు రేకుల కప్పు. ఆ కప్పు కింద లస్సాద్ "ఎడమకి!" అంటే, ఆ మాట వెళ్ళి అవతలి గోడకు కొట్టుకుని, తిరిగొచ్చి, రెండు జట్లనూ ఎడమకు తిప్పేది.

"గోడ కట్టండి! గోడా! చేతులు పైకెత్తమ్మా, చేతులు నీకెందుకున్నాయి?"

పక్కన కూర్చునే బెషీర్ రేవులో చేపలు వేలం పాడే మనిషి, గోల్‌కీపరు ఏయా తండ్రి. అరవడమే బతుకుతెరువైనా హాల్లో మాత్రం గుట్టుగా ఉండేవాడు. "ఒరే లస్సాద్, నేను అరిస్తే నాకు కూలీ ఇస్తారు. నువ్వు ఊరికే అరుస్తున్నావేంట్రా?" అనేవాడు.

యుస్రాకు పదమూడు నిండిన ఏడాది, ఫిబ్రవరిలో సాహ్లీన్ జట్టుతో మ్యాచు. మనవాళ్ళు ఒక్క గోలు వెనక. ఆఖరి నిమిషంలో యుస్రా ఎదుటివాళ్ళ చేతుల్లోంచి బంతి లాక్కుని ఒంటరిగా దూసుకుపోయింది. ముందు గోల్‌కీపరు తప్ప ఎవరూ లేరు. హాలంతా లేచి నిలబడింది. లస్సాద్ బెంచీ ఎక్కి, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా బయటికి తీశాడు.

"కిందకి కొట్టు! యుస్రా! కిందకీ!"

ఆ పిల్లకు పుట్టినప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. తండ్రి పేరు పెట్టి పిలిస్తే పలుకుతుంది. పరుగెడుతూనే తల స్టాండు వైపు తిప్పింది. ఆమె పెదవులు కదలడం లస్సాద్‌కు అంత దూరం నుంచీ స్పష్టంగా కనపడింది. "ఏంటి బాబా?"

బంతి చేతిలో పట్టుకుని మూడడుగుల కంటే ఎక్కువ వేయకూడదు. ఆమె ఐదు వేసేసింది. రిఫరీ ఈల ఊదాడు. మ్యాచు పోయింది.

కోచ్ సిహాం మెల్లగా స్టాండు మెట్లెక్కి పైకి వచ్చింది. ఆవిడ బాలికల బడిలో వ్యాయామం టీచరు. ఒకప్పుడు చాలా పెద్ద మ్యాచులు ఆడిందట. ఆ రోజుల నుంచి కుడి మోకాలు వంగదు. ఒక్కో మెట్టూ ఎక్కి ఆమె తనవైపే వస్తుంటే, సలహా అడగడానికి వస్తోందనుకున్నాడు లస్సాద్. ఇది తర్వాత ఎప్పుడు గుర్తొచ్చినా అతనికి చెవులు వేడెక్కేవి. నిజంగానే అలా అనుకున్నాడు. జేబులోంచి రసీదు పుస్తకం కూడా తీశాడు.

"సీ లస్సాద్," అని మర్యాదగానే పిలిచి అందామె, "మీరు ఐసు మిషను విప్పి పని చేస్తుంటే, నేను వెనక నిలబడి ఆ మర కాదు, ఈ మర తిప్పండి అని అరిచాననుకోండి. ఎట్లా ఉంటుంది?"

"అదెట్లా మదాం, మీకు మిషన్ల గురించి ఏం తెలుసని..."

ఆ వాక్యం ఎటు పోతోందో సగంలో అతనికే అర్థమై, అక్కడే వదిలేశాడు. బెషీర్‌కు గింజ గొంతుకు అడ్డం పడింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు వ్యానులో యుస్రా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆలివ్ తోటలు దాటాక నోరు విప్పింది.

"వచ్చే ఆదివారం నుంచి నువ్వు రావద్దు బాబా."

"రావద్దా? అయితే ఎవరొస్తారు?"

"అమ్మ."

"మీ అమ్మకి ఆట గురించి ఒక్క ముక్క తెలీదే!"

"అందుకే."

రెండు ఆదివారాలు లస్సాద్ మాట మీద నిలబడ్డాడు. ఇంట్లో కూర్చుని బాగానే ఉన్న రేడియో విప్పి, పాడుచేసి, మళ్ళీ బాగుచేశాడు. మూడో ఆదివారం తల్లీ కూతురూ హాలుకు వెళ్ళిన కాసేపటికి, రొట్టె తెద్దామని బయటికొచ్చాడు. రొట్టెల అంగడి ఇంటికి ఎడమవైపు. వ్యాను మాత్రం కుడికి తిరిగింది.

హాలు వెనక గోడకు, చాలా ఎత్తులో, గాలి కోసం పెట్టిన ఇనుప జాలీలున్నాయి. లస్సాద్ వ్యానును గోడకు ఆనించి, దాని కప్పు మీదికెక్కి, మునివేళ్ళ మీద నిలబడ్డాడు. జాలీలోంచి అతనికి ఒక గోలు కొయ్య, దాని పక్కన ఏయా మోచెయ్యి కనపడ్డాయి. అంతే. లోపల జనం కేక వేస్తే, అది సంతోషమో దుఃఖమో మోచేతిని బట్టి గ్రహించాలి. మోచెయ్యి పైకి లేస్తే సంతోషం. కిందికి వాలితే గోలు పడినట్టు. ఇలా ఇరవై నిమిషాలు గడిచాయి. మధ్య మధ్యలో "గోడ కట్టండి, గోడ" అని గుసగుసలాడాడు కూడా. ఎవరు వింటారని? జాలీకి చెప్పాడు.

విరామంలో సిగరెట్టు కోసం బెషీర్ బయటికొచ్చాడు. వ్యాను కప్పు మీద, చేతులు గోడకు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డ మనిషిని చూశాడు. ఫొటో తీశాడు. "మన క్లబ్బుకు కొత్త స్టాండు" అని రాసి, పిల్లల తల్లిదండ్రులందరూ ఉన్న ఫోను గ్రూపులో పెట్టాడు.

లోపల తల్లుల మధ్య కూర్చున్న హయాత్ చేతికి ఆ ఫొటో అర నిమిషంలో చేరింది. ఇంటికొచ్చాక ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే.

"రొట్టె ఏది?"

యుస్రా ఫొటోను చాలాసేపు చూసింది. వేళ్ళతో పెద్దది చేసి మళ్ళీ చూసింది. ముఖం బిగపట్టుకుని అడిగింది.

"ఇంతా చేసి, ఏమైనా కనపడిందా?"

"ఒక మోచెయ్యి కనపడింది."

"ఎవరిది?"

"ఏయాది."

"బాగా ఆడిందా?"

"మోచెయ్యి వరకూ బాగానే ఆడింది."

అప్పుడు నవ్వింది పిల్ల. మూడు వారాల తర్వాత. వ్యాను కప్పుకు పడిన సొట్ట మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

మర్నాడు సిహాం ఫోను చేసింది. పిల్లల మ్యాచులకు బల్ల దగ్గర కూర్చుని గడియారం చూసే పెద్దాయనకు కంటిలో శుక్లం తీస్తున్నారట. సీజను అయ్యేదాకా ఆ పని ఇంకొకరు చూడాలి. "మీరైతే బాగుంటుందనుకున్నాను సీ లస్సాద్. నియమాలు నేర్చుకోవాలి. ఇంకో సంగతి, ఆ బల్ల దగ్గర కూర్చున్నవాడు నోరు తెరవకూడదు. ఈల, గడియారం, అంతే."

ఫోను పెట్టేసి లస్సాద్ ఛాతీ విరుచుకుని వంటింట్లోకి వెళ్ళాడు. "చూశావా? ఆట తెలిసినవాడు కావాలని ఏరికోరి నన్నే అడిగారు."

హయాత్ ఉల్లిపాయలు తరగడం ఆపలేదు. "ఏడ్చే పిల్లాడి నోట్లో పాలపీక పెడతారే, అలాగే నీ నోట్లో ఈల పెడుతున్నారు," అంది.

ఆ మాట నిజమే కావచ్చని అతనికి కూడా అనిపించింది. అయినా ఒప్పుకున్నాడు. హాల్లోపల కూర్చోవడానికి దొరికిన ఒకే ఒక్క కుర్చీ అది.

నియమాల పుస్తకాన్ని ఐసు ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళి, మిషను పుస్తకం చదివినట్టు చదివాడు. మొదటి మ్యాచులో బల్ల దగ్గర ఇస్త్రీ చొక్కాతో, మెడలో ఈలతో కూర్చున్నాడు. ఎంత కంగారుపడ్డాడంటే, ఒక అమ్మాయి కాలు మడతపడి ఆట ఆపినప్పుడు ఆపిన గడియారాన్ని తిరిగి నొక్కడం మరిచిపోయాడు. పిల్లలు నాలుగు నిమిషాలు ఎక్కువ ఆడారు. అవతలి జట్టు కోచ్ వచ్చి, "అయ్యా, నా పిల్లలు ఇంటికి పోవాలి. బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు," అన్నాక గానీ తెలియలేదు.

రెండో మ్యాచుకు కంగారు తగ్గింది. నాలుగో మ్యాచుకు పని పట్టుబడింది. గడియారం కాక అతను చూడాల్సింది ఇంకొకటుంది. ఆట మధ్యలో ఆటగాళ్ళు మారుతూ ఉంటారు. ఎవరూ రిఫరీని అడగక్కర్లేదు, కానీ లోపలున్న పిల్ల గీత దాటి బయటికొచ్చాకే బయటి పిల్ల లోపల కాలు పెట్టాలి. ముందే పెడితే తప్పు. ఆ గీత సరిగ్గా బల్ల ముందే ఉంటుంది. అక్కడ తప్పు జరిగితే ఈల ఊదాల్సింది బల్ల దగ్గరివాడే.

అలా గీత మీద కళ్ళు, గడియారం మీద వేలు పెట్టుకుని కూర్చుంటే చెవులు ఖాళీగా ఉండేవి. పిల్లలు కూర్చునే బెంచీ రెండడుగుల దూరం. నాలుగేళ్ళుగా పై మెట్టు నుంచి ఆ బెంచీ మీది గుసగుసలు చూసి, ఆహా, ఎంత ఏకాగ్రత, వ్యూహాలు చర్చించుకుంటున్నారు అని మురిసిపోయేవాడు లస్సాద్. ఇప్పుడు వినబడ్డాయి.

"ఫ్రెంచి టీచరు జుట్టుకి రంగేసింది, చూశావా?"

"బాగా లేదే. వంకాయలా ఉంది."

"మ్యాచు అయ్యాక కఫ్తేజీ శాండ్‌విచ్ తిందామా?"

"మనం గెలుస్తున్నామా, ఓడిపోతున్నామా?"

"ఏమో. బోర్డు అటు తిరిగుంది."

రసీదు పుస్తకాలు ఎన్ని ఖాళీ చేశాడో లెక్కేసుకుని, లస్సాద్ ముఖం గడియారం వెనక దాచుకున్నాడు.

ఏప్రిల్‌లో ఖసర్ హెలాల్ జట్టుతో మ్యాచు వచ్చింది. గెలిచినవాళ్ళు సూస్‌లో జరిగే ప్రాంతీయ పోటీలకు వెళ్తారు. హాలు నిండిపోయింది. పడవలవాళ్ళు కూడా వచ్చారు. డప్పులు తెచ్చారు. ఆ రోజు లస్సాద్ ఎంత బాగా పనిచేశాడంటే, కూతురు ఎన్ని గోల్స్ కొట్టిందని అడిగితే చెప్పలేకపోయేవాడు. పిల్లలు అతనికి పిల్లల్లా కనపడటం మానేశారు. పాదాలు, గీత, అంకెలు. అంతే.

యాభై సెకన్లు మిగిలాయి. మనవాళ్ళు పంతొమ్మిది, వాళ్ళు పద్దెనిమిది. బంతి మన చేతిలోనే ఉంది. అలా తిప్పుకుంటూ ఉంటే చాలు. సిహాం బెంచీ నుంచి ఒక పిల్లను పంపింది. లోపలున్న పిల్ల బయటికి పరుగెత్తుకొస్తోంది, ఇంకా రెండడుగుల దూరంలో ఉంది. ఎర్ర బూటొకటి గీత దాటి లోపల పడింది.

లస్సాద్ ఈల ఊదాడు.

డప్పులు ఆగిపోయాయి. అతను గడియారం ఆపి, లేచి నిలబడి, పుస్తకంలో రాసినట్టే చెయ్యి చాపి, తప్పు జరిగిన చోటును చూపించాడు. ముఖం రాయిలా పెట్టాడు. రిఫరీ దగ్గరికొచ్చి, "ఏ నంబరు?" అన్నాడు. నంబరు కోసం లస్సాద్ మొదటిసారి బూటు నుంచి కళ్ళు పైకెత్తాడు. మోకాలు. నిక్కరు. పదకొండు. పదకొండు పైన, తన తల్లి పోలికలతో, తన ముక్కుతో, యుస్రా ముఖం.

"పదకొండు," అన్నాడు, ఈల నోట్లోంచి తీయకుండానే. రిఫరీ మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

పదకొండో నంబరు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. బంతి అవతలి వాళ్ళది. పాతిక సెకన్లలో వాళ్ళు గోలు కొట్టి సమం చేశారు. మనవాళ్ళు ఒకరు తక్కువ. కంగారులో బంతి జారవిడిచారు. ఆఖరి మూడు సెకన్లలో వాళ్ళు ఇంకొకటి కొట్టారు. మ్యాచు అయిపోయినట్టు మోత మోగించాల్సిన మీట లస్సాద్ వేలి కిందే ఉంది. అదీ అతనే నొక్కాడు.

స్టాండు మీంచి గింజల తొక్కలు వచ్చి అతని ఇస్త్రీ చొక్కా మీద పడ్డాయి. "ఒరే, అది నీ కూతురా, శత్రువా?" అని బెషీర్ అరిచాడు. ఆ రోజు వేలం గొంతు బయటికి తీశాడు. అయితే కుర్ర రిఫరీ వచ్చి రెండు చేతులతో లస్సాద్ చెయ్యి పట్టుకున్నాడు. "సీదీ, మీలాంటి మనిషిని నేను చూడలేదు," అన్నాడు. అవతలి కోచ్ రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నాడు. లస్సాద్ చొక్కా మీది తొక్కలు దులుపుకున్నాడు. నిజానికి, ఇది జరిగి మూడు నిమిషాలైనా, అతనికింకా అర్థం కానిది ఒక్కటే. యుస్రా బూట్లు తెల్లవి. తనే కొన్నాడు.

మంగళవారానికల్లా ఊరు గొంతు మార్చింది. గింజల తొక్కలు విసిరినవాళ్ళే కాఫీ దుకాణంలో లేచి కుర్చీ ఇచ్చారు. దుకాణం హమ్మాదీ కాఫీకి డబ్బు పుచ్చుకోలేదు. కథ కూడా పెరిగింది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే, గుండె రాయి చేసుకుని, సొంత కూతురి వైపు వేలు చూపించాడట. బెషీర్ ఇదంతా పక్కనుండి చూసినట్టే చెప్పేవాడు. శుక్రవారం మసీదులో ఇమాం న్యాయం గురించి ప్రసంగిస్తూ, పేరు చెప్పకుండా, "మన రేవులోనే ఒక తండ్రి ఉన్నాడు," అన్నాడు. సగం తలలు వెనక్కి తిరిగాయి. లస్సాద్ తల దించుకున్నాడు. అది వినయమని అందరూ అనుకున్నారు.

బయటికొచ్చాక బెషీర్‌ను పక్కకు లాగాడు. "ఒరే, నిజం చెప్తున్నాను విను. అది నా కూతురని నాకు తెలీదు. బూటు మాత్రమే చూశాను. ఎర్ర బూటు. మా అమ్మాయిది తెల్లది."

బెషీర్ అతని భుజం తట్టాడు. కళ్ళు చెమర్చాయి కూడా. "చూడు, పొగడ్త కూడా భరించలేవు. నీలాంటివాడి పక్కన ఇన్నాళ్ళు కూర్చుని కూడా నిన్ను గుర్తించలేకపోయాను."

భార్యకు చెప్పాడు. హయాత్ మాత్రం ఒక్క క్షణంలో నమ్మింది. "నాకా చెప్తున్నావు? మన పిల్లని నువ్వు చూసుంటే ఈల మింగేసేవాడివి," అంది.

నమ్మే మనిషి ఇంట్లో ఒకరున్నందుకు సంతోషించాలో, ఏడవాలో అతనికి తేలలేదు. యుస్రా మాత్రం ఐదు రోజులుగా మాట్లాడటం లేదు. అతను గదిలోకొస్తే తను ఇంకో గదిలోకి పోతోంది. శనివారం మధ్యాహ్నం హయాత్ కావాలనే భోజనం గిన్నె పిల్ల చేతికిచ్చి ఐసు ఫ్యాక్టరీకి పంపింది. యుస్రా గిన్నెను పనిముట్ల పెట్టె మీద పెట్టి తిరిగి పోబోయింది.

"ఎవరి బూట్లవి?" అన్నాడు లస్సాద్.

పిల్ల ఆగింది. "రాన్యావి. విరామానికి ముందు నా బూటు అడుగు ఊడిపోయింది. తను మడమ బెణికి బెంచీ మీదే కూర్చునుంది కదా, తనవి ఇచ్చింది."

"ఎర్రవి."

"ఎర్రవి."

"నీ బూట్లు అంత తొందరగా ఊడాయా?"

"నువ్వే కొన్నావు బాబా. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న చోట."

లస్సాద్ స్పానరు కింద పెట్టాడు. గిన్నె మూత తీశాడు, మళ్ళీ పెట్టాడు. పిల్ల అతని కళ్ళలోకి చూసింది.

"నేనని తెలిసుంటే ఊదేవాడివా?"

ఊరంతా అతని కోసం ఒక జవాబు సిద్ధంగా పెట్టింది. శుక్రవారం ఇమాం దాన్ని ఇంకా నునుపు చేశాడు. ఆ జవాబు చెప్పేసి, కళ్ళు కాస్త తడి చేసుకుంటే, పిల్ల మెడ చుట్టూ చేతులు వేసేదేమో. లస్సాద్ ఒకటి రెండు క్షణాలు దాని వైపు ఆశగా చూసినమాట నిజం.

"ఊదేవాణ్ణి కాదు," అన్నాడు. "అటు తిరిగి గడియారం తుడిచేవాణ్ణి."

"నాకు తెలుసు."

"మరి ఎందుకింత కోపం?"

"నువ్వు ఊదినందుకా? నేను తప్పు చేశాను, ఊదావు. తొందరపడి ముందే కాలు పెట్టాను. ఓడిపోవడానికి కారణం నేను." పిల్ల ఒక అడుగు ముందుకొచ్చింది. "కానీ ఎవరైనా నన్నొక మాట అన్నారా? బళ్ళో, వీధిలో, ఎక్కడికెళ్ళినా ఒకటే. మీ నాన్న ఎంత గొప్పవాడు, మీ నాన్న ఎంత నిజాయతీపరుడు. ఏయా కూడా నన్ను తిట్టలేదు. నీ ఆటోగ్రాఫ్ కావాలంది! పాదం నాది, పేరు నీకు. ఆడింది నేను బాబా!"

లస్సాద్ మనసులో లెక్క చూసుకున్నాడు. అరిచినప్పుడు పిల్ల ఆటను పాడుచేశాడు, సరే. నోరు మూసుకుని, రెండు నెలలు బుద్ధిగా కూర్చుని, ఆఖరికి పిల్ల చేసిన తప్పును కూడా తన పేరు మీద రాయించుకున్నాడు. ఇంతకంటే పెద్ద ఘనత ఏ తండ్రి సాధించగలడో అతనికి తట్టలేదు.

"ఏం చెయ్యమంటావు చెప్పు," అన్నాడు.

"ఎవరైనా పొగిడితే, బూట్ల సంగతి చెప్పు."

"చెప్పాను. నమ్మట్లేదు."

"మళ్ళీ చెప్పు. తప్పు నాదని కూడా చెప్పు."

ఆమె పెట్టె మీద పక్కన కూర్చుంది. గిన్నెలో చేపల కుస్‌కుస్ ఉంది. ఒకే చెంచా ఉంటే మార్చి మార్చి తిన్నారు. మధ్యలో యుస్రా, ఆ ఆఖరి నిమిషంలో సిహాం తనను ఎందుకు పంపిందో, లోపలికెళ్ళి ఏం చేయమందో చెప్పింది. లస్సాద్ విన్నాడు. సగం అర్థం కాలేదు. అడిగి తెలుసుకున్నాడు.

మాటిచ్చినందుకు చెప్పడం మొదలుపెట్టాడు. కాఫీ దుకాణంలో చెప్పాడు, వలలు అల్లేవాళ్ళ దగ్గర చెప్పాడు, చివరికి ఇమాంకు కూడా చెప్పాడు. "నేను బూటునే చూశాను, పిల్లను చూడలేదు. తప్పు మా అమ్మాయిది, తొందరపడింది." చెప్పిన ప్రతిసారీ అతను ఇంకాస్త గొప్పవాడవుతూ వచ్చాడు. ఇమాం అయితే, "సొంత గొప్పను కూడా చెరిపేసుకుంటున్నాడు," అని మెచ్చుకున్నాడు. ఒక్క సిహాం మాత్రం వెంటనే నమ్మింది.

"అంతే కదా సీ లస్సాద్. బల్ల దగ్గర సరిగ్గా కూర్చున్నవాడికి కాళ్ళు తప్ప ఇంకేం కనపడతాయి?"

వచ్చిన మెప్పుల్లో అతను దాచుకున్నది ఆ ఒక్కటి.

ఏయాకు ఆటోగ్రాఫ్ ఇవ్వలేదు. అయితే యుస్రాను ఆ మరుసటి వారమే ఏయా తిట్టింది. అదీ మామూలుగా కాదు, బెంచీ మీద అందరి ముందూ, "నీ తొందరపాటు వల్ల సూస్‌ పోయింది, దున్నపోతా," అని. రెండడుగుల దూరంలో కూర్చున్న లస్సాద్ అంతా విన్నాడు. ఇంటికెళ్ళేదాకా యుస్రా ఈల వేస్తూనే ఉంది.

ఆ పిల్ల ఇంకో రెండేళ్ళు ఆడింది. బాగా ఆడింది. పదిహేను దాటాక ఒకరోజు భోజనాల దగ్గర, ఇక చాలు, బడి నాటకాల్లో చేరతాను అంది. లస్సాద్ చెయ్యి అలవాటుగా జేబులోని రసీదు పుస్తకం దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. "సరే," అన్నాడు. నాటకాలకు అతన్ని పిలుస్తుంది. చివరి వరుసలో కూర్చోబెడుతుంది.

కంటి ఆపరేషను అయిన పెద్దాయన బల్ల దగ్గరికి తిరిగి రాలేదు. లస్సాద్ ఆదివారాలు ఇప్పటికీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తాడు. ఇప్పుడు ఆడేవాళ్ళలో అతనికి పేర్లు తెలిసినవాళ్ళు కూడా తక్కువ. మొన్నొక ఆదివారం, మనవరాలి మొదటి మ్యాచు చూడ్డానికి ఒక ముసలావిడ వచ్చింది. దారి తెలియక స్టాండు ఎక్కకుండా నేరుగా బల్ల దగ్గరికొచ్చి, సంచిలోంచి మక్రూద్ మిఠాయి ముక్క తీసి అతని చేతిలో పెట్టింది.

"ఇందులో నీ పిల్ల ఏది నాయనా?"

"నా పిల్ల ఎవరూ లేరమ్మా."

"ఎవరూ లేరా?" ఆవిడ ఆశ్చర్యంగా అతని ఈల వైపు, చొక్కా వైపు చూసింది. "మరి ఆదివారం పూట ఇక్కడ నీకేం పని?"

లస్సాద్ జవాబు చెప్పబోయాడు. అంతలో మైదానం మధ్యలోంచి రిఫరీ, ఆట మొదలుపెడదామా అన్నట్టు, చెయ్యెత్తి అతని వైపు చూశాడు. మక్రూద్ జేబులో వేసుకుని, వేలికంటిన తేనె ప్యాంటుకు తుడుచుకుని, లస్సాద్ గడియారం నొక్కాడు.